ఖాళీ గడి

ఆ రోజు పొద్దున ఆకాశం బాగా కిందికి దిగి కాడుగోడి రైలు పట్టాల మీద ఆనుకున్నట్టుంది. వాన పడుతోందని అనడానికి లేదు, పడటం లేదని అనడానికీ లేదు. రెండు రోజులుగా అదే ముసురు. గురప్ప వాకిట్లో నిలబడి చెయ్యి చాపాడు. ముంజేతి వెంట్రుకల మీద సన్నటి తేమ నిలిచింది. అది చూసుకొని లోపలికి వచ్చి, పరుపు కింద పెట్టిన మందపాటి కాగితాలు తీసి, చూరు కింద దండెం మీద ఒక్కొక్కటే మడతవేసి వేలాడదీశాడు.

ఆరడానికి కాదు, మెత్తబడటానికి. ఎండపొడకు ఎండిన కాగితం వేలు తగిలితే చాలు, కరకరమంటుంది. రెండు రోజులు ముసురు తాగిన కాగితం పాత చీర మడత విప్పినట్టు తిరుగుతుంది. మామూలు చెవికి ఆ తేడా పట్టింపు కాదు. మైకుకు పట్టింపే.

"బట్టలు వేసేదానికి చోటు లేదు, నువ్వు కాగితాలు ఆరేస్తాండావు," అంది లోపలినుంచి సొన్నమ్మ.

"ఈ ముసురులో బట్టలు యాడ ఆరతాయక్కా."

"ఆరకపోతే కాగితాలే చుట్టుకొని పో స్టూడియోకి."

గురప్ప నవ్వలేదు గానీ, ఒక కాగితాన్ని పక్కకు జరిపి ఆమె చీరకు మూరెడు చోటు చేశాడు. ఆమె అతని అక్క. అతనికంటే ఆరేళ్ళు పెద్ద. స్టూడియోలో పనిచేసే ఆరుగురికి మధ్యాహ్నం భోజనం ఈ ఇంట్లోనే వండి క్యారియర్లో తీసుకుపోతుంది.

లోపల సంగటి ఉడుకుతోంది. సొన్నమ్మ గిన్నెను రెండు పాదాల మధ్య ఇరికించుకొని కట్టెతో గెలకడం మొదలుపెట్టింది. గెలికేటప్పుడు ఆమె నోట ఒక కూనిరాగం వస్తుంది. మాటలు లేవు. కట్టె తిరిగే వేగానికే అది కూడా తిరుగుతుంది. మూడో వరుస మధ్యలో మాత్రం ఆగుతుంది. ఊపిరి కోసం కాదు. కట్టెను పిండిలోనే నిలిపి, తల కొంచెం పక్కకు వంచి, గోడవైపు చెవి పెడుతుంది. ఒక్క క్షణం. మళ్ళీ కట్టె తిరుగుతుంది, రాగం అందుకుంటుంది.

గోడ అవతల ఇప్పుడు బియ్యం డబ్బాలున్నాయి. ముప్ఫై ఏళ్ళ కిందట అక్కడ ఉయ్యాల ఉండేది. సొన్నమ్మ పాపకు ఎద జబ్బు. జోకొడుతూ జోకొడుతూ పాట నిలిపి, ఊపిరి ఆడుతోందా లేదా అని వినేది. ఉయ్యాల విప్పేసినా ఆ నిలపడం పోలేదు. తను నిలుపుతున్నానని సొన్నమ్మకు తెలుసో లేదో గురప్ప ఎప్పుడూ అడగలేదు.

"తిని పో," అంది ఆమె ముద్ద కట్టి పళ్ళెంలో పెడుతూ. "ఆడికిపోయి టీలు తాగి కడుపు మాడ్చుకుంటావు."

స్టూడియో బస్సులో పావుగంట దూరం. పాత బంగళా. ముందు హాల్లో నల్లటి పియానో, దానిమీద ఉన్ని కంబళి. మెట్ల కింద చిన్న గది గురప్పది. కత్తెర, ఇనుప బద్ద, జిగురు, పెన్సిళ్ళు. పియానో వాయించేవాళ్ళ ముందు పెట్టే కాగితాలు సిద్ధం చెయ్యడం అతని పని. కంప్యూటరు అచ్చు వేసి ఇచ్చే కాగితాలు కంటికి బాగానే ఉంటాయి. కానీ పేజీ ఎక్కడ అయిపోవాలో కంప్యూటరుకు తెలియదు. రెండు చేతులూ పనిలో ఉన్నచోట పేజీ ముగిస్తుంది. అప్పుడు వాయించే మనిషి కాగితం ఏ చేత్తో తిప్పాలి? అందుకని గురప్ప అచ్చు కాగితాలను వరుస వరుసగా కత్తిరిస్తాడు. మందపాటి కాగితం మీద మళ్ళీ అతికిస్తాడు. ఎక్కడ చెయ్యి ఖాళీ అవుతుందో అక్కడికి పేజీ చివర వచ్చేలా సర్దుతాడు. తప్పనిసరైతే ఎడమచేతి స్వరం ఒకటీ అరా తగ్గించే అనుమతి కూడా అతనికి ఉంది. ఇరవై ఏళ్ళలో అతను సర్దిన కాగితం వాయిస్తున్నవాళ్ళను ఇబ్బంది పెట్టిందన్న మాట రాలేదు.

మోహన్‌కుమార్ ఆ స్టూడియోలో సంగీతం కట్టేవాడు. నలభై ఏళ్ళుంటాయి. తలుపు దగ్గరే నిలబడి కాగితాలు చాపాడు.

"గురప్పా, ఫైనల్ అయింది. ఆరు పేజీలు. గురువారం లైవ్ రికార్డింగ్. ఒకటే టేక్, మూడు కెమెరాలు. శశికళ మేడం పక్కన ఎవరూ నిలబడకూడదు, ఫ్రేమ్ పాడవుతుంది. తనే తిప్పుకోవాలి."

"ట్యాబ్ పెట్టుకోరంటనా సార్?"

"పోయినసారి సగంలో స్క్రీన్ నల్లగా అయిపోయిందంట. గురప్పన్న కాగితం అయితేనే కూర్చుంటానంటున్నారు. నీ డిమాండ్ అట్లా ఉంది మరి."

అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు. గురప్ప కాగితాలు బల్లమీద వరుసగా పరిచాడు. మొదటి పేజీ పైన మధ్యలో 'లాలి' అని ఉంది. కుడి మూలన మోహన్‌కుమార్ పేరు. ఆ మూల ఎప్పుడూ పాట కట్టినవాళ్ళది.

గురప్పకు పియానో వాయించడం రాదు. వయసులో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, అక్కడే గీతల మీది స్వరాలు చదవడం నేర్చాడు. ఇప్పటికీ కాగితం చదివేటప్పుడు కింది పెదవి లోపలికి మడుస్తాడు, తొడ మీద వేళ్ళు కదులుతాయి. మొదటి వరుస చదివాడు. రెండో వరుస చదివాడు. మూడో వరుసలో వేళ్ళు ఆగిపోయాయి.

మళ్ళీ మొదటికి వచ్చాడు. ఈసారి పెదవి మడవలేదు. సన్నగా లోపలే పాడుకున్నాడు. కట్టె పిండిలో తిరుగుతున్నట్టు వచ్చింది.

సందేహం లేదు. పొద్దున సంగటి గిన్నె మీద విన్నదే. ఎడమచేతికి ఏవేవో చేర్చారు, మధ్యలో పెద్దది చేశారు, మళ్ళీ తగ్గించారు. మొత్తం మూడుసార్లు వస్తుంది. కానీ సొన్నమ్మ నిలిపేచోట నిలపలేదు. కుడిచేతికి పదహారు చిన్న స్వరాలు, మెట్లమీద పూసలు ఒలికినట్టు, గబగబా జారిపోతున్నాయి. మూడుసార్లూ అంతే.

అతను లేచి చెక్క బీరువా తెరిచాడు. అడుగున నీలం అట్ట పుస్తకం ఉంది. కొత్త పెన్ను వస్తే అందులో గీసి చూసుకుంటాడు. పేజీలు తిప్పుకుంటూ పోతే, మధ్యలో ఎక్కడో తన చేతిరాతే కనిపించింది. రెండేళ్ళ కిందట కాబోలు, ఒక రోజు స్టూడియో వంటగదిలోనే సొన్నమ్మ సంగటి గెలికింది. గోడ ఇవతల కూర్చున్న గురప్ప చేతిలో కొత్త పెన్ను ఉంది. చెయ్యి ఊరుకోలేదు. విన్నది విన్నట్టు గీసేసి, మరిచిపోయాడు. పేజీ మూల ఇప్పుడు కొంచెం మడిచి ఉంది. ఆ మడత తనది కాదు.

మూడో వరుస మధ్యలో ఒక గడి ఖాళీగా ఉంది.

బ్యాండువాళ్ళ రాత అది. పెళ్ళి ఊరేగింపు ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఒక ఇంటిముందు హారతి పడతారు, ఒకచోట పెళ్ళికొడుకు మేనమామకు అలక వస్తుంది. అందుకని బ్యాండువాళ్ళు తమ పుస్తకాల్లో ఆగేచోట ఏ గుర్తూ వెయ్యరు. గడి గీసి ఖాళీగా వదిలేస్తారు. మాస్టరు చెయ్యి దించేదాకా ఆగు అని దానికి అర్థం. చదువుకొని వచ్చినవాళ్ళు అట్లా రాయరు. ఎంత ఆగాలో లెక్క కట్టి, దానికొక గుర్తు పెడతారు. మోహన్‌కుమార్ చదువుకొని వచ్చినవాడు. ఖాళీ గడి చూసి, గురప్ప అక్కడ రాయడం మరిచాడనుకొని ఉంటాడు. పూడ్చాడు.

గురప్ప పుస్తకం మూసి చాలాసేపు ఇనుప బద్దను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. దొంగతనం అందామంటే, ఆ పుస్తకం స్టూడియో బీరువాలో పెట్టింది తనే. అందులో రాసింది తనే.

టీ వేళకు మోహన్‌కుమార్ వరండాలో ఒంటరిగా దొరికాడు.

"సార్, ఈ పాట మా అక్కది."

మోహన్‌కుమార్ గ్లాసు దించాడు. "ఏ పాట?"

"లాలి. నా నీలం పుస్తకంలోది."

"ఓ, అదా." అతను కొంచెం తడబడ్డాడు, దాచుకోలేదు. "జిగురు కోసం వెతుకుతుంటే కనిపించింది గురప్పా. ఫోటో తీసుకున్నాను. నిన్ను అడుగుదామనుకున్నా, పనిలో పడి... అయినా అది ఫోక్ కదా. మా అవ్వ కూడా కోలారులో ఇట్లాంటివే పాడుతుండె. వాటికి ఎవరని ఉంటారు?"

"ఇది ఎవురూ పాడరు సార్. ఆమె ఒక్కతే."

"ఆమెకు వాళ్ళమ్మ నేర్పించి ఉంటుంది."

"మా అమ్మకు గొంతు లేదు సార్. ఇంట్లో ఆమె తిట్లు తప్ప ఇంకేం వినలేదు మేము."

మోహన్‌కుమార్ నవ్వబోయి గురప్ప ముఖం చూసి మానుకున్నాడు. "జానపదం అని వేయిస్తాను. నా పేరు కింద చిన్నగా. సరేనా?"

"ఆమె పేరు వెయ్యండి."

"పేరంటే ఫారాలు, సంతకాలు, కంపెనీ వాళ్ళ లాయర్. గురువారానికి అయ్యే పని కాదు గురప్పా. చూద్దాంలే." భుజం తట్టాడు. గట్టిగా కాదు, మంచిగానే తట్టాడు. అందుకే గురప్ప తన గదిలోకి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అతను అచ్చు కాగితాలు ఇంటికి తెచ్చుకున్నాడు. దండెం మీది కాగితాలు చేత్తో నిమిరి చూస్తే సరిగ్గా మెత్తబడ్డాయి. నేలమీద చాప పరిచి, దీపం కిందికి లాక్కొని, కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆరు పేజీలను నాలుగు పెద్ద కాగితాలకు దించాలి. రెండు ఒకేసారి కళ్ళముందు తెరిచి ఉంటాయి. అంటే మొత్తంలో ఒక్కసారి తిప్పితే చాలు. ఆ ఒక్కసారి ఎక్కడ?

వరుసలన్నీ చాపమీద పేర్చి, వేలు పెట్టుకుంటూ పోయాడు. పాట ఎక్కడా తెరిపివ్వలేదు. ఒక చెయ్యి ఆగితే ఇంకో చెయ్యి పరిగెత్తుతోంది. రెండూ తగ్గినచోట పేజీ ఇంకా సగంలో ఉంది. సొన్నమ్మ అన్నం తెచ్చి పక్కన పెట్టింది. అతని వీపు వెనక నిలబడి చూసింది.

"చీమలు పోయినట్ల ఉండాయి. ఇంత రాతలో ఏం పాట ఉండాదప్పా?"

గురప్ప కత్తెర కింద పెట్టాడు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. ఆమె వేళ్ళకు రాగిపిండి అంటుకొని ఉంది. వాటిని పైటకు తుడుచుకుంటూ జవాబు కోసం నిలబడింది.

"పియానోది," అన్నాడు.

"అది తెలీదా నాకు. తిను, సల్లారిపోతాంది."

ఆమె వెళ్ళిపోయాక అతను మళ్ళీ చూశాడు. పాట రెండోసారి వచ్చేచోట, ఆ పదహారు చిన్న స్వరాల గడి, సరిగ్గా రెండో కాగితం అడుగుకు వస్తోంది. దాన్ని తీసేస్తే తిప్పడానికి చోటు దొరుకుతుంది. పనివాడుగా చూసినా వేరే దారి లేదు. మూడింటినీ తీసే హక్కు తనకు లేదు. తిప్పడానికి ఒకటి కావాలి. ఒకటి తీయవచ్చు.

కత్తెర రెండుసార్లు ఆడింది. గోరంత కాగితం ముక్క చాపమీద పడింది. ఆ స్థలంలో అతను బద్దపెట్టి గడి గీశాడు. లోపల ఏ గుర్తూ వెయ్యలేదు. అతికించి, జిగురు ఆరేలోగా వంకర పోకుండా రుబ్బురోలు పొత్రం బరువు పెట్టాడు. తిప్పే కాగితం కింది మూలను వేలికి దొరికేలా కొంచెం చెవిలా మడిచాడు. చివరకు మొదటి కాగితం కుడి మూలన, అచ్చు పేరు కింద, పెన్సిల్‌తో సన్నగా సొన్నమ్మ అని రాశాడు. రాసి, చెరిపేద్దామని రబ్బరు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం రిహార్సల్. శశికళ కంబళి తీసి, కళ్ళద్దాలు మార్చుకొని కూర్చుంది. యాభై దాటిన మనిషి. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగామె. కాగితాల మూల పట్టుకొని గాలిలో ఒకసారి ఊపి చెవి పెట్టింది.

"ఏం చేస్తావు గురప్పన్నా వీటికి? సద్దే లేదు."

"ఏం లేదు మేడం. ముసురులో పెడతా."

"ఎండాకాలమైతే?"

"తడిగుడ్డ కింద పెడతా. అంత బాగుండదు."

సౌండు చూసే సందీప్ అద్దం వెనకనుంచి చెయ్యి ఊపాడు. మోహన్‌కుమార్ చేతులు కట్టుకొని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె మొదలుపెట్టింది. మొదటిసారి పాట వచ్చింది, పూసలు ఒలికాయి, సాగిపోయింది. రెండోసారి వచ్చింది. మూడో వరుస మధ్యకు రాగానే ఆమె రెండు చేతులూ లేచాయి. ఎడమచెయ్యి మూల అందుకుంది, కాగితం తిరిగింది, చేతులు మళ్ళీ దిగాయి. ఆ మధ్యలో ఏమీ లేదు. కిటికీ బయట చూరునుంచి ఒక చినుకు సిమెంటు మీద పడటం వినిపించింది.

పాట ముగిశాక ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మోహన్, ఇక్కడ ఎందుకు ఆపించారు? బాగుంది."

"నేను ఆపలేదు మేడం." అతను వచ్చి కాగితం చూశాడు. గురప్పవైపు చూశాడు.

"తిప్పేదానికి చోటు లేదు సార్," అన్నాడు గురప్ప.

"ఎన్ని బీట్స్ ఇది? గుర్తు కూడా వెయ్యలేదు."

"మేడం తిప్పేంత."

శశికళ నవ్వింది. "ఉండనీ మోహన్. మిగతా రెండుచోట్ల మీది పరిగెడుతుంది కదా. అందుకే ఇక్కడ ఆగితే గుండె జారినట్టయింది." మొదటి కాగితానికి తిప్పి, మూలన వేలు పెట్టింది. "ఈ సొన్నమ్మ ఎవరు?"

సందీప్ అద్దం వెనక తల ఎత్తాడు. గురప్ప తన చెప్పుల్లేని కాళ్ళవైపు చూసుకున్నాడు. జవాబు మోహన్‌కుమార్ ఇవ్వాలి. అతను మెడ రుద్దుకున్నాడు.

"ట్యూన్ ఆమెది. మన క్యారియర్ తెచ్చే ఆమె."

"ఆ సొప్పు సారు, ఆకుకూర చారు, చేసే ఆమేనా?" శశికళ కళ్ళద్దాలు తీసింది. "పాట ఆమెదైతే పెన్సిలేంటికి మోహన్? పెన్నుతో రాయించండి."

మోహన్‌కుమార్ ముఖం ఎర్రబడి, తర్వాత ఏదో బరువు దించుకున్నట్టు తేలికపడింది. "సరే. ఫారం నేనే తయారుచేయిస్తాను. గురప్పా, రేపు ఆమెను తొందరగా రమ్మను. విని, సంతకం పెట్టి పోతుంది."

ఆ సాయంత్రం గురప్ప బస్సు దిగి కాడుగోడి సంతలో అర కిలో బత్తాయిలు కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలియక సంచిలో అడుగున పెట్టాడు. సొన్నమ్మ గుమ్మంలో కూర్చొని చింతాకు దూస్తోంది.

"రేపు క్యారియర్ తొందరగా తేవాలక్కా. కాసేపు హాల్లో కూచో."

"నాకేం పని ఆడ?"

"ఊరికే. వినేదానికి."

"ఇరవై ఏండ్ల నుంచి గోడవతల వింటానే ఉండా గదప్పా. ఇంక చాలు."

"ఇది వేరే. నువ్వు రావాల్ల."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చింతాకు రెబ్బ వేళ్ళ మధ్య అట్లాగే ఉంది. "ఏందో దాస్తాండావు," అంది. తర్వాత, "బత్తాయిలు తెచ్చినావు గదా, వాసన వస్తాంది. ఈడియ్."

గురువారం కూడా మబ్బు వీడలేదు. స్టూడియో గోడమీద సందీప్ రైళ్ళ వేళలు రాసి అంటించి ఉంచాడు. పదకొండున్నరకు గూడ్సు పోయాక ముప్పావుగంట పట్టాల మీద ఏదీ కదలదు. ఆ మధ్యలోనే రికార్డింగు. ఫ్యాన్లు ఆపారు. ఏసీ ఆపారు. చెప్పులు బయట విడిపించారు.

సొన్నమ్మ ఉతికిన చీర కట్టుకొని వచ్చింది, నీలిరంగుది. క్యారియర్ వంటగదిలో పెట్టి, హాలు వెనక గోడకు ఆనించిన కుర్చీలో అంచున కూర్చుంది. కదిలినప్పుడు రొండిన తాళంచెవుల గుత్తి గలగలమంది. సందీప్ మునివేళ్ళ మీద పరిగెత్తి వచ్చాడు.

"అమ్మా, ఆ గుత్తి."

"తీసేయాల్నా నాయనా?"

"చేతిలో గట్టిగా పట్టుకోండి. చాలు."

ఆమె గుత్తిని పిడికిట్లో బిగించి ఒళ్ళో పెట్టుకుంది. గురప్ప పక్క కుర్చీలో కూర్చున్నాడు. గూడ్సు రావడం, నేల సన్నగా అదరడం, దూరం కావడం అందరూ కూర్చొనే విన్నారు. తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది.

శశికళ చేతులు దించింది.

మొదటి వరుసకే సొన్నమ్మ మెడ నిలబడింది. గురప్ప ఓరగా చూశాడు. ఆమె పియానోవైపు చూడటం లేదు. నేలకేసి చూస్తోంది. రెండో వరుస. మూడో వరుస మధ్యకు వస్తుండగా ఆమె తల ఆమెకు తెలియకుండానే పక్కకు వంగడం మొదలుపెట్టింది. పియానో ఆగలేదు. పదహారు స్వరాలు ఒలికి పోయాయి. సగం వంగిన తల అట్లాగే నిలిచిపోయింది. ఆమె మెల్లగా తిరిగి తమ్ముడి ముఖం చూసింది.

గురప్ప ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఇంకొంచెంసేపు ఓర్చుకో అక్కా, అది వస్తాంది, అని మనసులో అనుకున్నాడు.

పాట పెద్దదయింది, తగ్గింది, రెండోసారి వచ్చింది. మూడో వరుస. శశికళ చేతులు రెండూ లేచాయి.

కాగితం తిరిగింది. ఆ చేతినుంచి ఈ చేతికి గాలి మారినంత సద్దు కూడా లేదు. ఇరవై ఏళ్ళలో గురప్ప చేతిలో అంత బాగా కుదిరిన కాగితం లేదు. హాల్లో పదకొండుమంది ఉన్నారు. కెమెరాల వెనక ముగ్గురు, అద్దం వెనక ఇద్దరు, కిటికీ దగ్గర మోహన్‌కుమార్, అందరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించుకొని ఉన్నారు. సొన్నమ్మ తల పూర్తిగా పక్కకు వంగింది. గోడవైపు. ఆమె పెదవులు తెరుచుకున్నాయి. పిడికిట్లో తాళంచెవులు ఎంత బిగిశాయంటే వేలి కణుపులు తెల్లబడ్డాయి.

చేతులు దిగాయి. పాట అందుకుంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె తల వంచలేదు.

ఎర్ర దీపం ఆరింది. తర్వాత సందీప్ అద్దం వెనకనుంచి బొటనవేలు చూపించాడు. కెమెరా కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. మోహన్‌కుమార్ అట్టమీద బిగించిన కాగితాలతో సూటిగా సొన్నమ్మ దగ్గరికి వచ్చి, ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇక్కడ మీ పేరు. ఇక్కడొక సంతకం. తెలుగులో పెట్టినా సరే."

ఆమె గురప్పవైపు చూసింది. గురప్ప తన పెన్ను తీసి మూత విప్పి ఇచ్చాడు. తాళంచెవులు ఎడమచేతికి మార్చుకున్నప్పుడు ఆమె అరచేతిలో పళ్ళ గుర్తులు ఎర్రగా కనిపించాయి. అక్షరం తర్వాత అక్షరం, గీత దాటకుండా రాసింది.

"ఇంక ఎవరు విన్నా మీ పేరు కనిపిస్తుందమ్మా," అన్నాడు మోహన్‌కుమార్. అతని గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

"ఎంతమంది ఇంటారు సార్?"

"ఎంతమందైనా. లక్షమంది వినొచ్చు."

"అందురూ ఆడ నిలుపుతారా?"

అతనికి అర్థం కాలేదు. పియానో దగ్గరనుంచి శశికళ అంది, "నిలుపుతారమ్మా. అక్కడే అందరం ఆగిపోయాం."

సొన్నమ్మ తల ఊపింది. పెన్ను మూత పెట్టి తమ్ముడికి ఇచ్చేసింది. "సారు సల్లారిపోతాది, అందురూ రాండి," అని వంటగదిలోకి వెళ్ళి, రోజూలాగే ఆరుగురికీ వడ్డించింది. ఆ రోజు ఇంకా ఐదుగురు ఎక్కువ. ఎవరికీ తక్కువ కాలేదు. సందీప్ రెండోసారి పెట్టించుకున్నాడు.

తిరుగు బస్సులో అక్కాతమ్ముళ్ళు వేరువేరు సీట్లలో కూర్చున్నారు. కాడుగోడి దిగి, పట్టాల పక్క దారిలో నడుస్తున్నప్పుడు ఆమె ముందు, అతను వెనక. ఖాళీ క్యారియర్ గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

"వాళ్ళకు ఎట్ల తెలిసింది?" అంది ఆమె వెనక్కి తిరగకుండా.

"పుస్తకంలో ఉండె."

"పుస్తకంలో రాసిండేది ఎవురప్పా?"

"నేనేనక్కా."

ఆమె ఇంకో పదడుగులు నడిచింది. గురప్ప గొంతు సర్దుకున్నాడు. "వాళ్ళు ఆడ పూడ్చేసి ఉండిరి. ఒకచోటన్నా నేనే తీసి పెట్టినా. నువ్వు నిలిపినట్లే ఉండాలని."

సొన్నమ్మ ఆగి క్యారియర్ చెయ్యి మార్చుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని గురప్పకు అనిపించింది.

"ఆడ నేను నిలిపేది ఇనేదానికప్పా," అంది. "వాళ్ళకు ఇనిపించేదానికి కాదు."

ఇంటికి వచ్చి ఆమె కాళ్ళు కడుక్కుంది. చూరు కింద దండెం ఖాళీగా ఉంటే తడి చీర తెచ్చి బారుగా ఆరేసింది. గురప్ప గుమ్మంలో కూర్చొని జిగురు అంటిన గోళ్ళు గీక్కున్నాడు. బయట వెలుతురు ఇంకా పోలేదు. లోపల ఎసరు మరిగింది, పిండి పడింది, మూత వేసిన చప్పుడు, తీసిన చప్పుడు. గిన్నె నేలమీద పెట్టి పాదాల మధ్య ఇరికించుకున్న చప్పుడు.

కట్టె తిరగడం మొదలైంది. గురప్ప గోళ్ళు గీక్కోవడం ఆపాడు. కట్టె గిన్నె అంచుకు తగులుతోంది, పిండి గుప్పుమంటోంది. అంతే. మొదటి వరుస రావలసిన చోట కట్టె చప్పుడే వచ్చింది. రెండో వరుస చోట కూడా అదే. మూడో వరుస మధ్యలో కట్టె ఆగలేదు. ఒకే వేగంతో, ఎక్కడా నిలవకుండా, సంగటి గట్టిపడేదాకా తిరిగింది.

"రా," అంది.

అతను లోపలికి పోయి పీట వాల్చుకున్నాడు. ఆమె తడిచేత్తో ముద్ద కట్టి అతని పళ్ళెంలో పెట్టింది, తన పళ్ళెంలో పెట్టుకుంది. ముద్దల మధ్యలో గుంటలు చేసి చింతాకు పప్పు పోసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె వీపు వెనక గోడ.

తింటున్నారు. ఆరున్నర రైలు పోయింది, గోడ అవతల బియ్యం డబ్బాల మూతలు సన్నగా అదిరి ఊరుకున్నాయి. సొన్నమ్మ తల ఎత్తలేదు. గురప్ప పళ్ళెంలో పప్పు అయిపోయింది. అడగకుండా పళ్ళేన్ని కొంచెం ముందుకు జరిపాడు. ఆమె గరిటెతో పోసింది. అతను మళ్ళీ ముద్ద తుంచాడు.